పోస్టర్‌లో ఎడమవైపు చివరివాడు

జూన్ 3, మంగళవారం

షూటింగ్ వాళ్ళు ఇంకా ఫోటోలు పంపలేదు. గురువారానికి పోస్టర్ కావాలి. హీరో ఉన్నాడు, కత్తి ఉంది, గుర్రం ఉంది, వెనక తగలబడుతున్న కోట ఉంది. హీరో కాళ్ళ దగ్గర పడి ఉండాల్సిన శవాలు లేవు.

డిజైనర్ అజయ్ ఆఫీసు కార్పెట్ మీద నలుగుర్ని పడుకోబెట్టాడు. ఇద్దరు ఎడిటర్లు, అకౌంట్స్ చూసే ఆయన, కింద గేటు దగ్గర సెక్యూరిటీలో ఉండే లింగయ్య. అసలు ఫోటోలు రాగానే మార్చేస్తామని, ఇది తాత్కాలికమేనని చెప్పాడు.

"సార్, మీరు క్రైమ్ రిపోర్టర్ గదా. జర వచ్చి చూడుండ్రి, శవాల్లెక్క ఉన్నరా?"

చూశాను. నలుగురూ మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టున్నారు. ఇరవై రెండేళ్ళు క్రైమ్ రాశాను. శవం అలా ఉండదు. మెడ ఒక పక్కకు వాలాలి, నోరు కొద్దిగా తెరుచుకోవాలి, కుడి చేయి ఒంటి కింద ఇరుక్కుపోవాలి, ఎడమ అరచేయి పైకి ఉండాలి. అదే చెప్పాను. ముగ్గురికి రాలేదు. లింగయ్యకు మొదటిసారే వచ్చింది.

కదిలే పోస్టర్ కోసం నా ఫోన్లో వీడియో కూడా తీశాను. నిడివి 41 సెకన్లు. మొదటి 32 పనికొస్తాయి. తర్వాత నవ్వేశాడు. ఆ తొమ్మిదీ వృథా.

జూన్ 5, గురువారం

పేపరు సిటీ ఎడిషన్ మూసేసి అయిదు నెలలు. మాదాపూర్‌లోని ఈ పబ్లిసిటీ ఆఫీసులో నా పని పోస్టర్ మీద మాటలు, ట్రైలర్లో నల్లతెర మీద పడే మాటలు రాయడం. తెరకు అయిదు మాటలు దాటకూడదు. డప్పు దెబ్బకు ఒక తెర పడాలి. మొదట ముసలి గొంతు, తర్వాత నిశ్శబ్దం, తర్వాత గుర్రాలు. యుద్ధం సినిమాలు నాలుగింటి ట్రైలర్లు వరసగా చూశాను. నాలుగింటిలోనూ ఇదే వరస. పోస్టర్లు నాలుగూ నారింజ రంగు. నిప్పురవ్వలు కుడి నుంచి ఎడమకు ఎగురుతాయి.

మా ఆఫీసు నడిపే ఉమాశ్రీ గారు నేను రాసినది చూసి నవ్వారు.

"పాల్ గారూ, 'సుమారు మూడు వందల మంది చనిపోయారు' అని ఎవరన్నా ట్రైలర్లో వేస్తారాండీ? జిల్లా వార్తలా ఉంది."

"డైరెక్టర్ ఇచ్చిన కథలో అంతే ఉందండి."

"లక్ష అనండి. లక్ష అంటే చెవికి బాగుంటుంది."

"ఆ కోటలో లక్ష మంది పట్టరండి."

"స్క్రీన్ మీద పడతారు కదండీ."

'వాస్తవ సంఘటనల ఆధారంగా' అని కూడా వేయాలట. కోట కల్పితం, రాజు కల్పితం, శత్రువు కల్పితం. మరి వాస్తవం ఏదని అడిగాను.

"యుద్ధం నిజమే కదండీ."

"ఏ యుద్ధం?"

"ఏదో ఒకటి జరిగే ఉంటుంది లెండి."

అది వేశాను. లక్ష కూడా వేశాను.

జూన్ 9, సోమవారం

అసలు ఫోటోలు రాలేదు. తాత్కాలికమే అచ్చుకు వెళ్ళిపోయింది. నగరంలో ఇరవై మూడు హోర్డింగులు. గచ్చిబౌలి నుంచి పుప్పాలగూడ వెళ్ళే దారిలో ఉన్నది అన్నిటికన్నా పెద్దది. వెడల్పు అరవై అడుగులు, ఎత్తు ముప్పై. అకౌంట్స్ ఆయన, ఎడిటర్లు పొగలో కలిసిపోయారు. ఎడమవైపు చివరివాడు ఒక్కడే స్పష్టంగా ఉన్నాడు. ముఖం ఎత్తు నాలుగడుగులు. నుదుటి మీంచి చెంప మీదికి రక్తం అజయ్ కంప్యూటర్లో పెట్టాడు.

జనం ఫోన్లలో హీరో గురించి రాసినదానికన్నా ఆ శవం గురించే ఎక్కువ రాశారు. నిజం శవంలా ఉందన్నారు. నిర్మాత ఉమాశ్రీ గారికి ఫోన్ చేసి, ఆ ఎడమ చివరి జూనియర్ ఆర్టిస్టు ఎవరని అడిగాడట. ఆవిడ నావైపు చూసి బొటనవేలు ఎత్తారు.

జూన్ 10, మంగళవారం

గేటు దగ్గర లింగయ్య ఆపాడు.

"సారూ, పోస్టర్ల పడ్డనని మావోళ్ళకు జెప్పిన. ఒక్కడు నమ్ముతలేడు. ఏడున్నది గది?"

చెప్పాను.

"హీరో కాళ్ళకాడనేనా?"

"కాళ్ళ దగ్గరే. ఎడమవైపు."

"గంతే సాలు. మా ఇంటామె ఏమన్నదో ఎర్కేనా? పెండ్లప్పటి సంది ఒక్క ఫోటో దిగుమంటే దిగకపోతివి, ఇగ సచ్చి దిగినవా అన్నది." పగలబడి నవ్వాడు. "రేపు డ్యూటీకి వచ్చేటప్పుడు చూసి వస్త సారూ. సెల్ల ఫోటో గొట్టుకొస్త."

జూన్ 12, గురువారం

లింగయ్య నిన్న సాయంత్రం 6.40కి చనిపోయాడు. వయసు 47. సొంత ఊరు జనగామ దగ్గర. పుప్పాలగూడ దారిలో రోడ్డు దాటుతుండగా నీళ్ళ ట్యాంకర్ ఢీకొంది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. ఏడింటికి డ్యూటీ ఎక్కాల్సి ఉంది. భార్య కొమురమ్మ మా బిల్డింగ్‌లోనే రెండో అంతస్తులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. కూతురు జ్యోతి, డిగ్రీ రెండో సంవత్సరం. రోడ్డు ఎందుకు దాటుతున్నాడో తెలియదు.

జూన్ 13, శుక్రవారం

నిన్న మార్చురీకి వెళ్ళాను. కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టాలో కొమురమ్మకు చూపించాను. ఎస్సై నా పాత పరిచయమే. ఘటనాస్థలం ఫోటో అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు, అలవాటు కావచ్చు. ఫోన్లో చూపించాడు.

రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి. అరచేతులు కిందికి ఉన్నాయి. నోరు మూసి ఉంది. నేను చెప్పినట్టు లేదు.

ఊళ్ళో ఇల్లు కూలిపోయిందని అంత్యక్రియలు ఇక్కడే చేశారు. సాయంత్రం నాలుగున్నరకు అయిపోయింది.

పోస్టర్‌కీ ప్రమాదానికీ సంబంధం లేదు.

జూన్ 14, శనివారం

రాయడానికేమీ లేదు.

జూన్ 15, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. నా భార్య ఎవాంజెలిన్ ఒక్కతే వెళ్ళొచ్చింది. మధ్యాహ్నం హాస్పిటల్ డ్యూటీకి తయారవుతూ అంది.

"నాలుగు రోజుల్నుంచీ అదే చొక్కా వేసుకుంటున్నారండీ."

చూసుకున్నాను. నిజమే.

"ఏమైందో చెప్పొచ్చు కదా నాతో?"

"ఏం కాలేదు. మా వాచ్‌మన్ పోయాడని చెప్పానుగా."

"అది చెప్పారు. మీకేమైందని అడుగుతున్నాను."

చొక్కా మార్చుకున్నాను. సంబంధం లేదు.

జూన్ 16, సోమవారం

పదకొండింటికి కొమురమ్మ మా అంతస్తుకు వచ్చింది. పనిలోకి రాలేదు, నాకోసమే వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సారూ, గా పెద్ద పోస్టర్లకెళ్ళి ఆయనను తీసెయ్యరాదు?"

తీయడం కుదురుతుందో లేదో తెలియదన్నాను.

"వచ్చే శనివారం పదకొండో దినం. జనగామకెళ్ళి మావోళ్ళు నలబై మంది వస్తరు. బస్సు దిగంగనే ఎదురుంగ గదే. ఇంట్ల ఫోటో వెట్టి దండేస్తం, తొవ్వల నెత్తురు గారుకుంట వడి ఉంటడు. ఏ మొకం సూపియ్యాలె నేను? ఒక్కపారి సచ్చిండు సారూ. ఆడ రోజు సస్తుండు."

జ్యోతి కాలేజీ బస్సు కూడా ఆ దారినే వెళ్తుందట. పరీక్షలుండి అంత్యక్రియల మర్నాటి నుంచే కాలేజీకి వెళ్తున్న ఆ పిల్ల గచ్చిబౌలి దాటగానే కళ్ళు మూసుకుంటుంది. పక్కసీటు పిల్ల చెప్పాక తెరుస్తుంది.

"బొమ్మలు నేను చేయనమ్మా. నేను మాటలు మాత్రమే రాస్తాను. అజయ్‌తో గానీ మేడమ్‌తో గానీ మాట్లాడితే..."

"వాళ్ళకాడికి నేనెందుకు వోత? నువ్వే తీపియ్యాలె."

"నా చేతిలో లేదు."

"నువ్వే తీపియ్యాలె సారూ."

రెండుసార్లు అదే మాట అంది. గొంతు పెంచలేదు. వెళ్తూ వెళ్తూ నా టేబుల్ మీద టీ మరక ఉంటే కొంగుతో తుడిచింది.

జూన్ 17, మంగళవారం

అజయ్‌కి చెప్పాను. పోస్టర్ ఫైలు తెరిచాడు.

"పండవెట్టింది నేనే గదా సార్. ఆడ నా మొకం వెడత."

ఫోన్ కెమెరాతో తన ముఖం తానే తీసుకున్నాడు. పది నిమిషాల్లో లింగయ్య ఉన్నచోట అజయ్ వచ్చాడు. నెట్‌లో ఉన్న పోస్టర్లన్నీ సాయంత్రానికి మార్చేశాడు. ఎవరూ గమనించలేదు. ఫ్లెక్సీలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఉమాశ్రీ గారి గదికి వెళ్ళాను. విని కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"నాకూ బాధగానే ఉందండీ. రోజూ నమస్తే పెట్టేవాడు. కానీ నిర్మాత ఆ పోస్టర్‌ని ఫ్రేము కట్టించి ఆఫీసులో తగిలించుకున్నాడు. ఇప్పుడు దించేయాలంటే కారణం అడుగుతాడు. పోస్టర్ మీద శవంగా ఉన్నవాడు రెండు రోజులకే పోయాడని తెలిస్తే ఏమవుతుందో తెలుసు కదా? సినిమావాళ్ళ సెంటిమెంట్లు మీకు కొత్త. పోస్టర్ కాదు, ముందు మనల్ని మారుస్తారు. ఇరవై మంది పనిచేస్తున్నారు పాల్ గారూ ఇక్కడ."

ఆవిడ చెప్పిన దాంట్లో అబద్ధం లేదు.

శనివారానికి నాలుగు రోజులు.

జూన్ 18, బుధవారం

హోర్డింగు దగ్గరకు వెళ్ళాను. కట్టాక దగ్గర్నుంచి చూడడం ఇదే మొదటిసారి.

పుప్పాలగూడలో లింగయ్య వాళ్ళుండే గది ఉన్న వైపు నుంచి, అంటే ఇవతలి ఫుట్‌పాత్ మీద నుంచి చూస్తే, కరెంటు తీగలు, వేపచెట్టు కొమ్మ అడ్డం వస్తాయి. హీరో బాగానే కనిపిస్తాడు. ఎడమవైపు చివరివాడు సగమే కనిపిస్తాడు. అవతల బస్టాపు వైపు నుంచి అయితే ఏ అడ్డమూ లేదు. అక్కడ రోడ్డు దాటే చోటు లేదు. సిగ్నల్ నాలుగు వందల మీటర్ల దూరంలో ఉంది. మధ్యలో డివైడర్ ఒకచోట పగలగొట్టి ఉంది. జనం అక్కడినుంచే దాటుతున్నారు.

సవరణ: రోడ్డు ఎందుకు దాటుతున్నాడో తెలియదని 12వ తేదీన రాశాను. తెలుసు. 10వ తేదీన హోర్డింగు ఎక్కడుందో చెప్పి ఊరుకోలేదు. "ఇవతలి నుంచి సరిగా కనపడవు లింగయ్యా, అవతలి వైపుకెళ్ళి చూడు, అక్కణ్ణుంచి పూర్తిగా కనిపిస్తావు" అని కూడా అన్నాను. కట్టిన రోజు అజయ్ పంపిన ఫోటోల్లో రెండు వైపులా ఉంది. చూసి తెలుసుకున్నదే చెప్పాను. సమాచారం సరైనదే.

పేపర్లో ఉన్నప్పుడు సవరణ మూడో పేజీలో కింద వేసేవాళ్ళం. ఎవరూ చదివేవాళ్ళు కాదు.

హోర్డింగు కింద ఉన్న రేకుల గదిలో బాలనర్సయ్య ఉన్నాడు. ఈ వైపు ఫ్లెక్సీలు ఎక్కించేది, దించేది అతని మనుషులే. మొత్తం దించకుండా ఒక ముక్క మార్చవచ్చా అని అడిగాను.

"ముక్క మారిస్తే అతుకు కనవడ్తది సార్. పట్టీ అయితే వేస్తం. ట్రైలర్ డేట్ వచ్చినప్పుడు ప్రతి సినిమాకు వేస్తనే ఉంటం గదా, పైన."

"కింద వేయొచ్చా?"

"కింద ఎవలు వేస్తరు? పైనైతేనే అందరికి కనవడ్తది."

"ఎడమ చివరి నుంచి కుడి చివరిదాకా, కింద. ఎత్తు అయిదడుగులు."

అతను తలెత్తి పోస్టర్ వైపు చూశాడు, నన్ను చూశాడు. పదకొండో తేదీ సాయంత్రం ఈ గదిలోనే ఉండి ఉంటాడు. అడగలేదు.

"అయిదు సాలది సార్. గడ్డం దాసి తలకాయి ఇడిచిపెడ్తరా? ఆరు పెట్టుండ్రి."

జూన్ 19, గురువారం

ఉదయం మీటింగ్. ట్రైలర్ 24న విడుదల, తేదీని హోర్డింగుల మీదికి ఎలా ఎక్కించాలనేది విషయం. కింద ఎర్ర పట్టీ వేద్దామన్నాను. అందరూ పైనే వేస్తున్నారు కాబట్టి మనం కింద వేస్తే కొత్తగా ఉంటుందని, బస్సు కిటికీలోంచి చూసేవాళ్ళ కంటికి ఆ ఎత్తు సరిగ్గా అందుతుందని చెప్పాను. రెండో కారణం నేను అప్పటికప్పుడు కల్పించింది. ఎవరూ ఎదురు చెప్పలేదు.

"లైన్ ఏంటండీ?" ఉమాశ్రీ గారు అడిగారు.

"'ట్రైలర్ 24న.'"

"అంతేనా? 'మహాసంగ్రామం', 'రక్తచరిత్ర', ఏదో ఒకటి తగిలించండి పాల్ గారూ. బోసిగా లేదూ?"

"మాటలు పెరిగితే అక్షరాలు చిన్నవవుతాయండి."

అజయ్ తెర మీద పట్టీ పెట్టి చూపించాడు. ఆవిడ చూపు ఎడమవైపు కింది మూల దగ్గర కాసేపు ఆగింది. తర్వాత నన్ను చూశారు.

"బాగుంది. ఇరవై మూడింటికీ వేయించెయ్యండి."

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "పుప్పాలగూడ దారిలోది ముందు వేయించండి."

జూన్ 20, శుక్రవారం

ఉదయం 11.20కి పట్టీ వేశారు. ఇద్దరు మనుషులు తాళ్ళతో దిగారు. ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. మొదట కుడివైపు అతికించారు, ఎడమవైపుకు వచ్చేసరికి గాలికి కింది అంచు లేచింది. బాలనర్సయ్య కింద నుంచి అరిచాడు.

"అరేయ్, గా మూల గట్టిగ గుంజు! గదే అసలుది!"

గుంజి కట్టారు. నేను ఇవతలి వైపే నిలబడి చూశాను. అవతలికి వెళ్ళలేదు.

జూన్ 21, శనివారం

పదకొండో దినం. వెళ్ళాలా వద్దా అని ఉదయమంతా అనుకున్నాను. ఎవాంజెలిన్ ఇస్త్రీ చేసిన చొక్కా మంచం మీద పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది. వేసుకుని వెళ్ళాను.

పుప్పాలగూడలో పెద్ద అపార్ట్‌మెంట్ల వెనక వరసగా రేకుల గదులు. సందులో టెంటు వేశారు. భోజనాల బంతి సాగుతోంది. జనగామ నుంచి వచ్చినవాళ్ళు నలభై కాదు, అరవై దాకా ఉన్నారు. గది బయట స్టూలు మీద ఫోటో, దాని ముందు దీపం. ఆధార్ కార్డులోంచి తీసి పెద్దది చేయించారు. కళ్ళు రెండు నల్లమచ్చల్లా ఉన్నాయి. పేరు కింద రాయకపోతే నేనూ గుర్తుపట్టేవాణ్ణి కాదు.

కొమురమ్మ నన్ను చూసి లేచి వచ్చింది.

"వచ్చినవా సారూ. పొద్దుగాల మావోళ్ళతోని బస్టాపు కాడికి వోయిన. గుడ్డ గప్పినట్టున్నది. మంచిగైంది. మా జ్యోతి గూడ కండ్లు తెరిచి సూసింది."

తిని వెళ్ళమంది. ముందు ఒక మాట చెప్పాలన్నాను. గది పక్కన నీళ్ళ డ్రమ్ముల దగ్గరకు నడిచాం. ఎలా చెప్పాలో నిన్ననే రాసుకున్నాను, మూడు వాక్యాలు. మొదటి వాక్యం చెప్పాను.

"అమ్మా, ఆ రోజు అతన్ని అవతలి వైపుకెళ్ళి చూడమని చెప్పింది నేనే."

"నాకెర్కె."

మిగతా రెండు వాక్యాలు చెప్పలేదు.

"ఆరున్నరకు ఫోన్ జేసిండు. 'కొమురా, ఇవతలికెళ్ళి సగమే అవుపడ్తున్న, అవతలికెళ్ళి మొత్తం అవుపడ్తనని సార్ జెప్పిండు, వోయి ఫోటో గొట్టుకొస్త' అన్నడు. గందుకే నీకాడికొచ్చిన. ఇంకోళ్ళకాడికి నేనెందుకు వోత?"

"అప్పుడే ఎందుకు అనలేదు?"

"అంటే ఏమొస్తది? నువ్వు సూడుమన్నవు. ఆయన సూడవోయిండు. ట్యాంకరోడు సూడకపాయె."

ఒక డ్రమ్ము మూత సరిగా లేకపోతే సరిచేసింది. ఎవరో పిలిస్తే "వస్తున్న" అంది గానీ కదల్లేదు.

జ్యోతి పళ్ళెంలో అన్నం తెచ్చి నా చేతికిచ్చింది. తండ్రి పోలికే. పక్కనే నిలబడింది.

"సార్, మా నాయిన ఫోటో ఇంకేదన్న ఉన్నదా మీ దగ్గర? ఆధార్ల ఎవలో దొంగ లెక్క ఉన్నడు. అమ్మ దగ్గర ఒక్కటి లేదు."

లేదని అనబోయాను. పళ్ళెం డ్రమ్ము మీద పెట్టి ఫోన్ తీశాను. 3వ తేదీ తర్వాత ఆ వీడియో తెరవలేదు. అందులో ఏముందో ముందే చెప్పాను. అయినా పెట్టమన్నారు.

కార్పెట్ మీద లింగయ్య. మెడ పక్కకు వాలి ఉంది, అరచేయి పైకి ఉంది. నా గొంతు వినిపిస్తోంది, "నోరు ఇంకాస్త... చాలు. కదలకు." కొమురమ్మ మొహం అటు తిప్పుకుంది. జ్యోతి కళ్ళు మూసుకుంది. ముప్పై రెండు సెకన్లు చాలా పొడుగు. తర్వాత కళ్ళు తెరవకుండానే, పెదాలు మాత్రమే కదిలిస్తూ లింగయ్య అడిగాడు.

"సారూ, ఇంకెంతసేపు సావాలె?"

నవ్వాడు. అజయ్ నవ్వాడు. నేనూ నవ్వాను, అది వినిపిస్తోంది. లింగయ్య లేచి కూర్చుని కెమెరాలోకి సూటిగా చూస్తూ, మోచేతికి అంటిన దుమ్ము దులుపుకుంటూ నవ్వుతూనే ఉన్నాడు. అక్కడ ఆగిపోయింది.

కొమురమ్మ ఇటు తిరిగింది.

"ఇంకొక్కపారి వెట్టు."

పెట్టాను. మూడోసారి కూడా పెట్టాను. మూడోసారి ఆమె మొదటి భాగం అప్పుడు కూడా అటు తిరగలేదు.

"ముందలిదంత తీసెయ్ సారూ. నవ్వినకాడికెళ్ళి ఉంచు."

టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కత్తిరించాను. తొమ్మిది సెకన్లు. జ్యోతి నంబరుకు పంపాను. నేను అన్నం తింటుండగా ఫోను బంతిలో ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్ళింది. అది వెళ్ళిన వైపు నుంచి లింగయ్య గొంతు మళ్ళీ మళ్ళీ వినిపించింది. ఒక ముసలాయన "గిది, గిది మా లింగడు" అన్నాడు.

సవరణ: 3వ తేదీన చివరి తొమ్మిది సెకన్లు వృథా అని రాశాను. అది తప్పు.

మిగతా ముప్పై రెండూ నా ఫోన్లో ఉన్నాయి.